జనవాక్యమును చదువుట యెట్లు?

ఒక దేశము స్వతంత్రముగ నుండవలెనా, మఱియొక రాజ్యముతో గలిసి యుండవలెనా యను ప్రశ్న ప్రజల యోటునకు వచ్చినప్పుడు దానిని రెఫరెండమందురు. ఆ యోటు పడకముందే సర్వేల యంకెలు వచ్చిపడును. నూటికి ఏబదియొక్కరు ఔనందురని యొక సంస్థ ప్రకటించును. నలుబదియాఱుగురే యని మఱియొకటి ప్రకటించును. మఱునాడు గెలుపోటములు తేలిపోయినట్లే పత్రికలలో వ్రాతలు వెలువడును. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత యిట్టిచోటనే పుట్టియుండును. దూరదేశముల రెఫరెండముల మాట యటుంచి, మన శాసనసభ యెన్నికలకు ముందు వచ్చు అంకెలను గూర్చియు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పఠనమందిరములలో ఇదే రీతిని వాదములు జరుగుచున్నవి. తమకు నచ్చిన యంకె నిజమనియు, నచ్చని యంకె డబ్బిచ్చి వ్రాయించిన యబద్ధమనియు చెప్పుట పరిపాటియైనది.

ఈ విషయమున మా యభిప్రాయమును స్పష్టముగ జెప్పుచున్నాము. సర్వే యొక సాక్షి. సాక్షిని వినవలెను; ఎదురు ప్రశ్నలు వేయవలెను; ఆ మీదట అతని మాటకు తగినంత విలువ నీయవలెను. సాక్షి మాటనే తీర్పుగ దలచువాడును, సాక్షిని కోర్టు గడప ద్రొక్కనీయనివాడును న్యాయమునకు సమానముగ హాని చేయుదురు. మన పక్షమున బలికిన సాక్షిని మఱింత గట్టిగ పరీక్షించుట మనకే క్షేమము.

ఈ మాట చెప్పుటకు మన సీమకు ప్రత్యేకమైన యధికారము గలదు. ఏలయన, మన భవిష్యత్తే యొకప్పుడు రెఫరెండము గుమ్మము వఱకు వచ్చి, లోపలికి బోకయే తిరిగి వచ్చినది. 1947 జూనులో నిజాము తాను ఇండియాలోగాని పాకిస్తానులోగాని చేరక స్వతంత్రుడుగ నుండదలచితినని ఫర్మానా వెలువరించెను. ఆ సంవత్సరము నవంబరు 29వ తేదీన ఇండియా ప్రభుత్వముతో యథాతథ ఒడంబడిక జరిగెను. 1948 జూనులో లార్డు మౌంటుబాటన్ దేశము విడిచి పోవుటకు ముందు తయారైన ముసాయిదాలో, ఇండియాలో చేరు విషయమై వయోజనులందఱి యోటుతో, నిష్పాక్షిక సంస్థ పర్యవేక్షణమున ప్రజాభిప్రాయము దీసికొనవలెనను ఏర్పాటుండెను. నిజాము ఆ ముసాయిదాను అంగీకరింపలేదు. సెప్టెంబరు 13 మొదలు 17 వఱకు జరిగిన పోలీసు చర్యతో ఆ సంప్రదింపుల కథ ముగిసెను. 1949 నవంబరులో భారత రాజ్యాంగమును అంగీకరించుచు నిజాము వెలువరించిన ఫర్మానాలో ప్రజల యామోదమునకు లోబడి యను నియమమున్నను, అందులకై తలపెట్టిన రాజ్యాంగసభ యెన్నడును సమావేశము కాలేదు. 1941 జనగణనలో కోటి అరువది లక్షలకు మించిన ప్రజలను ఆ యొక్క ప్రశ్న యెవరును నేరుగ అడుగలేదు.

అడుగకున్నను, వారి మనస్సు తమకు దెలియునని చెప్పనివారు లేరు. లాయక్ అలీ ప్రభుత్వము ప్రజలు స్వతంత్ర హైదరాబాదును గోరుచున్నారనెను. కాసిం రజ్వీ రజాకార్ల సభలలో అదే మాట గర్జించెను. స్టేట్ కాంగ్రెసు ప్రజలు ఇండియాలో చేరగోరుచున్నారనెను. ఇందులో సత్యమెవరి పక్షమున నధికముగ నుండెనో మాకు సందేహము లేదు. కాని మా నమ్మకము లెక్క కాదు. ఆనాడు ఒక సర్వే సంస్థ మన యూళ్లకు వచ్చియున్నచో ఎట్టి చిక్కులను ఎదుర్కొనవలసి యుండెనో ఆలోచించినచో, నేటి యంకెలను చదువు పద్ధతి మనకు దానంతట అదే బోధపడును.

మొదటి చిక్కు: ఎవరి నడుగవలెను? ఆనాడు గద్వాల సంస్థానము రాయచూరు జిల్లాతో జేరియుండెను. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టము వచ్చిన తరువాతనే గద్వాల, ఆలంపురము తాలూకాలు రాయచూరు నుండి విడివడి తెలుగు రాష్ట్రమున జేరినవి. జిల్లాలవారీగ లెక్క వేసియున్నచో గద్వాల తెలుగువాని మాట కన్నడ జిల్లా మొత్తములో గలిసిపోయెడిది. వనపర్తి యొక సంస్థానము. నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురము జటప్రోలు సంస్థానమునకు రాజధాని. సంస్థానపు రైతునకు దొర యొకడు, ఆ దొరపైన నిజాము సర్కారు. నూటికి పదిమందియైనను చదువురాని రాజ్యమున, మాట్లాడగలవారు వకీళ్లు, వర్తకులు, దేశ్‌ముఖులు, ఉద్యోగులు. వినతిపత్రములపై సంతకములు వారివే. పత్రికలలో నుత్తరములు వారివే. వారి మాటలను గూడబెట్టి ప్రజాభిప్రాయమని పేరు పెట్టిన, పొలములోని వాని మాట యెక్కడ?

ఇది మన వెనుకబాటుతనమువలన గలిగిన చిక్కు మాత్రమే కాదు. 1936లో అమెరికా అధ్యక్షుని యెన్నికకు ముందు లిటరరీ డైజెస్టు అను పత్రిక దాదాపు కోటి కార్డులు పంపెను. ఇరువది లక్షలకు మించి జవాబులు వచ్చెను. లాండన్ గెలుచునని ఆ పత్రిక ప్రకటించెను. రూజ్‌వెల్టు 48 రాష్ట్రములలో 46 గెలిచెను. కార్డులు వెళ్లినది టెలిఫోనులును మోటారుకార్లును గలవారి జాబితాలనుండి. ఆ కఱవు దినములలో కూలివాని యింట టెలిఫోను లేదు. అదే యెన్నికలో జార్జి గాలప్ అంతకంటె మిక్కిలి తక్కువ మందిని, వేర్వేరు వర్గములనుండి చూచి యేర్చి, యడిగి గెలుపెవరిదో సరిగ జెప్పెను. అన్నము ఉడికినదో లేదో చూచుటకు ఒక్క మెతుకు చాలునని మన యాడువారు చెప్పుదురు. కాని యది అడుగుదాక సమముగ ఉడుకు కుండకు జెల్లును. ఒక ప్రక్క మాడి, ఒక ప్రక్క బియ్యముగనే యున్న కుండలో ఏ ప్రక్క మెతుకు పట్టితిమన్నదే ముఖ్యము. సర్వే చేయువాని విద్య యంతయు ఆ కుండను కలియబెట్టుటలోనే యున్నది.

దూరమునుండి చూచి లేదనువాని మాట యెంత చులుకనయో మన గడ్డకు మునుపే తెలియును. తెలంగాణమున కవులే లేరన్న మాట యొకటి పత్రికలో వచ్చినపుడు, గద్వాల సీమలో బుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారు కోపోక్తులతో సరిపెట్టుకొనలేదు. ఊరూరినుండి వివరములు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులను చూపించిరి. అడుగవలసినవారి నడిగిన, లేరన్నవారు దొరకుదురు. సర్వే చదువువారికి ఇంతకంటె మంచి పాఠము లేదు.

రెండవ చిక్కు: ఎందఱి నడిగిరి? పద్ధతి ప్రకారము వేయిమంది నడిగినచో, అసలు సంఖ్య కటునిటు నూటికి మూడు వఱకు తేడా యుండవచ్చునని గణితశాస్త్రము చెప్పుచున్నది. కనుక 51 అని వచ్చినను 49 అని వచ్చినను, అది గెలుపును గాదు, ఓటమియు గాదు. తెలియదను మాటకు నాగరికమైన పేరది. ఇక ఆ వేయిమందిలో మన మూడు జిల్లాల పాలెంత? 2011 జనగణన ప్రకారము తెలంగాణ జనము సుమారు 3 కోట్ల 50 లక్షలు. నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల జనము సుమారు 20 లక్షలు. రాష్ట్రమంతట వేయిమంది నడిగిన, మన పాలికి అరువది మందియైనను రారు. అంత కొద్దిమందిపై నూటికి పదుమూడు వఱకు అటునిటు పొరపాటు రావచ్చును. రాష్ట్రపు సర్వేనుండి గద్వాల యిట్లనుచున్నది, నాగర్‌కర్నూలు అట్లనుచున్నదని విడదీసి చెప్పువాడు అంకెలతో జోస్యము చెప్పుచున్నాడు.

మూడవ చిక్కు: ఏమని యడిగిరి? తన సాక్షిని విచారించు వకీలు జవాబును సూచించు ప్రశ్న వేయరాదని సాక్ష్యపు చట్టము కట్టడి చేసినది. ఏలయన ప్రశ్నలోనే జవాబు దాగియుండును. స్కాట్లండు రెఫరెండమునకు మొదట తలపెట్టిన ప్రశ్న, స్కాట్లండు స్వతంత్ర దేశము కావలెనని మీరు అంగీకరించుచున్నారా యని యుండెను. అంగీకరించుచున్నారా యన్న మాట ఔనువైపు మొగ్గునని ఎన్నికల సంఘము 2013లో సలహా నీయగా, స్కాట్లండు స్వతంత్ర దేశము కావలెనా యని మార్చిరి. మన హైదరాబాదున 1948లో ప్రశ్న యెట్లుండెడిది? ఇండియాలో చేరుదురా యని యడిగిన నొక జవాబు. బాధ్యతాయుత ప్రభుత్వము కావలెనా యని యడిగిన నొక జవాబు. నిజాము గద్దెపై నుండవచ్చునా యనిన మఱియొకటి. స్టేట్ కాంగ్రెసే మొదట కోరినది ఆసఫ్‌జాహీ వంశపు ఛత్రము క్రింద బాధ్యతాయుత ప్రభుత్వమును. ఇండియాలో చేరవలెనను కోరిక 1947లో ముందునకు వచ్చెను. ఒకే మనుష్యుడు ఈ మూడు ప్రశ్నలకు మూడు జవాబులు చెప్పినను అబద్ధీకుడు గాడు. అంకెను ప్రకటించి ప్రశ్నను దాచిన పత్రికను నమ్మరాదు.

ఇక్కడనే మతమునుబట్టి అభిప్రాయము లెక్కించు సోమరితనమును గూర్చియు చెప్పవలసియున్నది. జనగణనలో ఇన్ని లక్షల హిందువులు, ఇన్ని లక్షల ముసల్మానులు గలరు గాన ఓట్లును అట్లే పడునని ఇరుపక్షములవారును ఆనాడు లెక్క గట్టిరి. కాని ఇండియాలో చేరవలెనని వ్రాసినందులకు 1948 ఆగస్టులో హతుడైన ఇమ్రోజు పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముసల్మాను. ఆ మఱుసటి నెలలో హైదరాబాదు పక్షమున ఐక్యరాజ్యసమితికి వెళ్లిన ప్రతినిధివర్గములో దళిత నాయకుడు శ్యాంసుందర్ ఉండెను. మనుష్యుని మనస్సును అతని పుట్టుకలో చదువువాడు సర్వే చేయుట లేదు. తన యూహను ప్రకటించుచున్నాడు.

నాలుగవ చిక్కు అన్నిటికంటె పెద్దది. అడిగినవాడెవడు? జవాబు చెప్పినవానికి భయమున్నదా? 1947 అక్టోబరులో ఆత్మకూరు సమీపమున అప్పంపల్లిలో తుపాకులు ప్రేలినవి. స్వాతంత్ర్యము గోరిన గ్రామస్థులు ప్రాణములు గోల్పోయిరి. అట్టి దినములలో పట్వారీ వెంట కాగితములు పట్టుకొని వచ్చిన క్రొత్త మనిషితో రైతు తన మనసు విప్పి చెప్పునా? గట్టిగ జెప్పదలచినవారిలో అనేకులు అప్పటికే తుంగభద్ర దాటి కర్నూలు చేరిరి. కొందఱు జైళ్లలో నుండిరి. ఇంటనున్నవాని నడిగిన లెక్కలో ఇల్లు విడిచినవాడు రాడు. భయమున్నచోట వచ్చునది జవాబే కాని యభిప్రాయము గాదు. నేడు తుపాకి భయము లేకపోవచ్చును. కాని పింఛను పోవునేమో, ఇంటిస్థలము రాదేమో, ఊరి పెద్దకు దెలియునేమో యన్న భయము పూర్తిగ తొలగినదని ఎవరు చెప్పగలరు?

భయపడినవాడు తఱచుగ మౌనము వహించును. మౌనము అర్ధాంగీకారమని మనలో నానుడి గలదు. పెండ్లి మాటలలో అది చెల్లునేమో గాని, రెఫరెండములో అది పెద్ద యుచ్చు. 1947 జూలైలో వాయవ్య సరిహద్దు రాష్ట్రమున పాకిస్తానునకు 2,89,244 ఓట్లు, ఇండియాకు 2,874 ఓట్లు వచ్చెను. అంకెలు మాత్రమే చూచినవాడు అచ్చట రెండవ యభిప్రాయమే లేదనుకొనును. కాని ఖాన్ అబ్దుల్ గఫార్‌ఖాన్ అనుచరులు ఆ యోటును బహిష్కరించియుండిరి. మొత్తము ఓటర్లలో సగము మందియే యోటు వేసిరి. పసిఫిక్ సముద్రమున ఫ్రెంచివారి యధీనమందున్న న్యూకలెడోనియాలో 2020లో నూటికి 85 మందికి పైగ ఓటువేయగా, స్వాతంత్ర్యము వలదన్నవారు 53 పాళ్లు. 2021లో స్వాతంత్ర్యవాదులు బహిష్కరించగా, నూటికి 44 మందియే యోటువేసిరి. వలదన్నవారు 96 పాళ్లకు పైబడిరి. ఒక్క సంవత్సరములో ఆ దీవి ప్రజల మనస్సు మాఱిపోయెనా? మాఱినది ఓటువేసినవారి గుంపు. కనుక రాబోవు ఓటును గూర్చిన సర్వేలో ఔను, కాదు అను రెండు వరుసలతోబాటు, చెప్పలేము, చెప్పము, ఓటువేయము అను వరుసలను మొదట చూడవలెను. నూటికి ఇరువదిమంది ఇంకను తేల్చుకొనలేదన్న సర్వేలో నాలుగు పాళ్ల ఆధిక్యమును జూచి బాణాసంచా గాల్చుట పిల్లచేష్ట.

ఐదవ చిక్కు కాలము. కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున 1995 అక్టోబరు 30వ తేదీన రెఫరెండము జరిగెను. కడపటి దినముల సర్వేలు పెక్కు ఔను పక్షమునకు స్వల్పాధిక్యము చూపెను. పెట్టెలు తెఱచినపుడు కాదు పక్షము 50.58 పాళ్లతో గట్టెక్కెను. తేడా 54,288 ఓట్లు. స్కాట్లండున 2014 సెప్టెంబరు 7వ తేదీన వెలువడిన యొక సర్వే స్వాతంత్ర్యమునకు 51 పాళ్లు చూపెను. లండను నాయకులు కలవరపడి ఉత్తరమునకు బరుగెత్తి, మఱిన్ని యధికారములిత్తుమని వాగ్దానము చేసిరి. పదునొకండు దినముల తరువాత, సెప్టెంబరు 18న, నూటికి 55 మంది స్వాతంత్ర్యము వలదనిరి. ఆ సర్వే తప్పనవలెనా, ఆ సర్వే పుట్టించిన వాగ్దానము కొందఱి మనస్సును మార్చినదనవలెనా? రెండింటికిని తావున్నది. అంకె వెలువడిన వెంటనే అదియు ప్రచారములో నొక పాత్రధారి యగును. అందుచేత ఒక్క సర్వేను బట్టుకొని వ్రేలాడక, ఒకే పద్ధతిని ఒకే సంస్థ నెలనెలకు చేసిన సర్వేలను వరుసగ బెట్టి, ఏ ప్రక్కకు నడక సాగుచున్నదో చూచుట మేలు. తేల్చుకొననివారు కడపట ఉన్నదానినే పట్టుకొనుట యీ రెండుచోట్లను జరిగినట్లు కన్పట్టుచున్నదనియు గమనింపదగును.

ప్రతినిధుల యోటును ప్రజల యోటుగ జదువుటలోను ఇట్టి జాగ్రత్తయే కావలెను. ఫజల్ అలీ సంఘము 1955లో, తెలంగాణమున ప్రజాభిప్రాయము ఇంకను గట్టిపడలేదని చెప్పి, 1961 సుమారున జరుగు సాధారణ యెన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండు పాళ్లు కోరినచో ఆంధ్రతో కలియవచ్చునని సిఫారసు చేసెను. ఆ సిఫారసు హైదరాబాదు శాసనసభలో చర్చకు రాగా, అభిప్రాయము దెలిపిన 147 మందిలో 103 మంది విశాలాంధ్రమును బలపరచిరి, 29 మంది యెదిరించిరి, 15 మంది తటస్థులైరి. ఒకరు ఈ యంకెను చూపి ప్రజల తీర్పనిరి. మఱియొకరు ఆ 103 మందిలో మరాఠీ, కన్నడ ప్రాంతముల సభ్యులును గలరనిరి. రెండు మాటలును నిజములే. అంతకంటె ముఖ్యమైన నిజమేమనగా, ఆ సభ్యులను ప్రజలు 1952లో ఎన్నుకొన్నది ఈ ప్రశ్నపై గాదు. 1956లో జరిగిన కలయికను గూర్చి 1969లోను, తిరిగి 2014 వఱకును ఎంత యాందోళనము జరిగెనో పాఠకు లెఱుగుదురు. అడుగని ప్రశ్నకు జవాబు వచ్చినదని భావించినచో, ఆ ప్రశ్న మరల మరల తలుపు తట్టుచునే యుండును.

ఇక మనకు ప్రియమైన ఫలితములకును ఇదే తూనిక వర్తింపవలెను. 1948 ఫిబ్రవరి 20వ తేదీన జునాగఢమున 1,90,870 మంది యోటువేయగా, పాకిస్తానునకు పడినవి 91 మాత్రమే. ఆ ప్రజల మొగ్గు ఇండియావైపే యని మేమును నమ్ముదుము. అయినను, పరిపాలన అప్పటికే ఇండియా చేతికి వచ్చి మూడు నెలలు దాటినదన్న సంగతిని విస్మరించి ఆ 91ని ఉదాహరించుట పక్షపాతమగును. హైదరాబాదు విషయమున మనకు దొరకిన నిజమైన లెక్క 1952 నాటి వయోజన యోటు. వనపర్తినుండి సురవరము ప్రతాపరెడ్డిగారు శాసనసభకు వెళ్లిన యెన్నిక యది. కాంగ్రెసు 93 స్థానములు గెలిచెను. ప్రజాతంత్ర కూటమి 42 గెలిచెను. ఇండియాలో నుండుటను ఈ రెండు పక్షములును ప్రశ్నింపలేదు. ఇది బలమైన సాక్ష్యమే. కాని 1948లో అడుగని ప్రశ్నకు 1952లో పరోక్షముగ దొరకిన జవాబని మాత్రమే దీనిని చెప్పవలెను. ఇంతకంటె పెద్ద మాట చెప్పుటకు మన దేశాభిమానమునకు అవసరము లేదు.

ఇన్ని చిక్కులున్నచో సర్వేలనే నిషేధింపరాదా యని కొందఱనుచున్నారు. పోలింగు ముగియుటకు ముందటి 48 గంటలలో రేడియో, టెలివిజను వంటి సాధనములద్వారా సర్వే ఫలితములను ప్రసారము చేయరాదనియు, ఓటు వేసి వచ్చినవారి నడిగి కట్టిన యంచనాలను పోలింగు పూర్తిగ ముగియువఱకు ప్రకటింపరాదనియు మన ప్రజాప్రాతినిధ్య చట్టము కట్టడి చేసినది. అంతవఱకు న్యాయమే. అంతకుమించి నోరు మూయుట మాకు సమ్మతము గాదు. లెక్కయే లేనిచోట గొంతు పెద్దది గలవాడే ప్రజల ప్రతినిధి యగును. 1948లో మన రాజ్యమున జరిగినది అదే. ప్రజల పేర మాట్లాడినవారికి కొదవ లేకపోయెను. ప్రజల నడిగినవాడు లేకపోయెను. నిజాయితీతో జేసిన సర్వే అట్టి ప్రగల్భములను కొంతయైనను అణచును.

కావున పఠనమందిరముల కార్యదర్శులకు మా మనవి యొకటి. మీ గోడపై నొక కాగితమంటించి, దానిపై నీ ప్రశ్నలు వ్రాయించుడు: ఎవరి నడిగిరి? ఎందఱి నడిగిరి? ఏ మాటలతో నడిగిరి? ఎప్పు డడిగిరి? చెప్పనివారెందఱు? సర్వేకు సొమ్మిచ్చినవారెవరు? పత్రికలోగాని టెలివిజనులోగాని, చేతిలోని ఫోనులోగాని అంకె యొకటి వచ్చినపుడు, దానికి ఈ యాఱు జవాబులును దొరకువఱకు దానిపై పందెము వేయకుడు, పోట్లాడకుడు, ఓటు మార్చుకొనకుడు. చదువువచ్చినవారు చదువురాని పొరుగువానికి ఈ ప్రశ్నలను చదివి వినిపించుట కూడ నొక దేశసేవయే. జనవాక్యము కర్తవ్యమని పెద్దలనిరి. ఆ వాక్యమును జనుల నోటనే వినవలెను. వారి పేర పలుకువాని నోట గాదు.